సుబైత్ చెప్పని వార్త

సుబైత్ బిన్ హాదిర్ అబద్ధమాడగా విన్నవాళ్ళు మా తీరంలో ఒక్కరూ లేరు. ఇదేదో పొగడ్త అనుకునేరు. అతనితో వేగినవాళ్ళకు తెలుసు, అదెంత చిరాకో. ఒకసారి నిండు చావడిలో పడవ సరంగు ఖలఫ్ సరదాకి అడిగాడు: "మా మామ ఊరి మీదుగా వచ్చావు కదా, నా గురించి ఏమన్నాడేంటి?"

"గాడిద అన్నాడు," అన్నాడు సుబైత్. కాస్త ఆలోచించి, "రెండుసార్లు," అని కలిపాడు.

ఉత్తరాలు మొయ్యడం అతని పని. షేకులవీ వర్తకులవీ ఉత్తరాలు తలగుడ్డ మడతల్లో దోపుకుని, ఒంటె మీద ఊరూరూ తిరిగేవాడు. అతనికి అక్షరం ముక్క రాదు, అందుకే అందరికీ నమ్మకం. అయితే జనం ఉత్తరం కంటే అతని నోటికోసమే ఎక్కువ ఎదురుచూసేవారు. మా వైపు దారిన వచ్చినవాడికి ముందు ఖర్జూరం పెడతారు, తర్వాత కాఫీ పోస్తారు, ఆ తర్వాత "ఏం వార్తలు?" అని అడుగుతారు. కాఫీ తాగినవాడు వార్త దాచకూడదు, కల్పించకూడదు. ఫలానా లోయలో వాన పడిందని సుబైత్ చెబితే, గుడారాలు పీకి మందల్ని అటు తోలుకుపోయేవారు. అక్కడ నీళ్ళు లేకపోయాయా, పిల్లాజెల్లా దాహంతో చావాల్సిందే. ఒక్కసారి కూడా అలా జరగలేదు. ఏ తెగ నేల మీద నడిచినా అతన్ని ఎవరూ అటకాయించకపోవడానికి కారణం అదే.

ఇక నా సంగతి. నా పేరు దర్వేష్, చదువొచ్చినవాణ్ణని అందరూ ముల్లా అనేవారు. హాజీ యాకూబ్ దగ్గర రాతపని చేసేవాణ్ణి. హాజీ ముత్యాల వర్తకుడు, మా తీరంలో ఇంగ్లీషు దొరలకు ఏజెంటు కూడా. ఆయన మిద్దె మీద వాళ్ళ జెండా ఎగిరేది. ఏ షేకు ఎవరితో వియ్యమందాడు, ఏ కోటలో ఎవరు అతిథులు, ఏ రేవులో ఏ సరుకు దిగింది, అంతా వారం వారం సముద్రం అవతలున్న పెద్ద దొరకు తెలియజెయ్యాలి. దానికి వేగులు, మారువేషాలు ఏవీ అక్కర్లేదు. హాజీ చావడిలో పొద్దస్తమానం కాఫీ కాగుతూనే ఉండేది. వచ్చినవాడు తాగేవాడు, అడిగితే చెప్పేవాడు. నేను మూల కూర్చుని వినేవాణ్ణి, వాళ్ళు లేచి వెళ్ళాక రాసేవాణ్ణి. నా రాతలో ఒక్క ముక్క ఎక్కువ తక్కువ ఉండదని పెద్ద దొర మెచ్చుకున్నాడట. ఆ మాట విన్నప్పటినుంచి నేల మీద నడిచేవాణ్ణి కాదు. అంత వెధవ గర్వం నాకు.

ఒకసారి సుబైత్, ఉత్తరాన ఒక రేవులో దొరలు వద్దన్న తుపాకులు దిగుతుంటే చూశానని, వాన సంగతి చెప్పినట్టే మామూలుగా చెప్పాడు. పదిరోజుల్లో దొరల యుద్ధనౌక ఆ రేవుకు వెళ్ళి ఉన్న పడవలన్నీ తగలబెట్టింది. ఆ తర్వాత వచ్చినప్పుడు గుమ్మం బయట నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముల్లా, నేనిక్కడ చెప్పే మాటలు కాగితం ఎక్కుతున్నాయా?"

"ఎక్కకపోతే నాకు కూడెవడు పెడతాడయ్యా?" అన్నాను నవ్వుతూ.

అతను నవ్వలేదు. కానీ రావడం మానలేదు, చెప్పడమూ మానలేదు. అడిగితే చెప్పకుండా ఉండటం అతనికి చేతకాదు.

మరో రెండేళ్ళకు, ముత్యాల పడవలు సముద్రంలోకి పోయే రోజుల్లో, పెద్ద దొర దగ్గర్నుంచి హాజీకి ఉత్తరం వచ్చింది. తీరంలో ఎక్కడో మళ్ళీ తుపాకులు దిగాయి. తూర్పునున్న ఖోర్ సిద్రా రేవు మీద అనుమానం ఉంది, రుజువు లేదు. యుద్ధనౌక దీవి చాటున లంగరేసుకుని ఉంది, కబురు పంపగానే కదులుతుంది. హాజీ తాపీగా ఉత్తరం మడిచాడు.

"సుబైత్ అటే వెళ్ళాడు. రేపో ఎల్లుండో దిగుతాడు. దిగితే చెప్పేస్తాడు," అన్నాడు.

ఖోర్ సిద్రాలో సుబైత్ చెల్లెలు మోజా ఉండేది. మొగుడు పోయాడు, సైఫ్ ఒక్కడే కొడుకు. ఈసారి వెళ్ళినప్పుడు ఆమె పాకలో వలల కింద పెట్టెలు కనబడ్డాయి సుబైత్‌కి. ఏమిటివని అడిగితే సైఫ్ నీళ్ళు నమిలాడు.

"పది రోజులే ఉంటాయి మామా. కొండల్లోంచి మనుషులొచ్చి పట్టుకుపోతారు. షేకుక్కూడా తెలీదు."

మోజా అన్న గడ్డం పట్టుకుంది. "వాడొక్కడే కదా అన్నా నాకు. నీ నోరు కట్టేసుకో."

ఇదంతా నాకు తర్వాత తెలిసింది, సుబైత్ నోటనే. అప్పటికి అతని తలగుడ్డలో హాజీకి ఇవ్వాల్సిన ఉత్తరాలున్నాయి. రాక తప్పదు. చెబితే మేనల్లుడు పోతాడు. అబద్ధం చెబితే, ఇక అతని మాట మీద ఏ మందా కదలదు.

మూడో రోజు పొద్దున్నే వచ్చాడు. ఒంటెను ఎప్పుడూ గుమ్మం ముందే కూర్చోబెట్టేవాడు, ఆ రోజు వీధి చివరే వదిలేశాడు. చావడిలో పదిమందిమి ఉన్నాం. ఉత్తరాలు హాజీ చేతికిచ్చి గుమ్మం పక్కనే కూలబడ్డాడు. ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. హాజీ కళ్ళు ఉత్తరాల మీద లేవు.

కాఫీ పోసి గిన్నె అందించారు. సుబైత్ అందుకున్నాడు, చూశాడు, పెదవి దాకా తీసుకెళ్ళకుండానే మెల్లగా చాప మీద పెట్టేశాడు.

చావడిలో మాటలు ఆగిపోయాయి. అతిథి గిన్నె కింద పెట్టాడంటే కోరిక ఉన్నట్టు. అది తీరుస్తానని ఇంటాయన మాటిస్తే గానీ తాగడు. అతిథి తాగకుండా లేచిపోతే ఆ ఇంటి పరువు వీధిన పడ్డట్టే. ముప్ఫై ఏళ్ళ రాకపోకల్లో సుబైత్ ఎవరి ఇంట్లోనూ గిన్నె కింద పెట్టి ఎరగడు.

"ఏంరా, గిన్నెలో ఈగ పడిందా?" అన్నాడు ఖలఫ్. ఎవరూ నవ్వలేదు.

హాజీకి అర్థమైపోయింది. అవతల నౌక కాచుకుని ఉంది, ఇవతల పదిమంది కళ్ళప్పగించి చూస్తున్నారు. కాఫీ మీద ఆవిరి తగ్గిపోతోంది.

"తాగు సుబైత్," అన్నాడు చివరికి. "నీ పని అయినట్టే."

"మాటేనా?"

"మాటే."

"అయితే ఈవేళ నన్ను వార్త అడక్కు హాజీ." షేకునైనా నువ్వనే అంటాడతను.

"అడగను."

సుబైత్ గిన్నె ఎత్తి తాగాడు. మూడుసార్లు పోయించుకుని, చాలని గిన్నె ఊపి ఇచ్చి, లేచి వెళ్ళిపోయాడు. నోరు విప్పలేదు, అబద్ధమాడలేదు, గండం గడిచిందనుకున్నాడు పాపం. అతనికా మాత్రం తోచలేదు. ఎప్పుడూ చెప్పేవాడు చెప్పలేదంటే చెప్పినట్టే కదా.

అందరూ వెళ్ళాక హాజీ నన్ను పిలిచాడు. "రాయి. ఖోర్ సిద్రా నుంచి వార్త అందలేదు."

కలం ముంచాను గానీ రాయలేదు. "అది నిజం కాదు కదండీ," అన్నాను.

"నేను మాటిచ్చాను ముల్లా."

"అడగనని ఇచ్చారు. అడగలేదు. కానీ అతను గిన్నె కింద పెట్టడం పదిమందీ చూశారు. రేపు ఇంకెవరి ద్వారానో తెలిస్తే మన ఉత్తరం తప్పుడు ఉత్తరమైపోదూ? చూసింది చూసినట్టు రాద్దాం."

హాజీ జపమాల పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. అవుననలేదు, కాదనలేదు. నేను రాశాను: "ఏనాడూ వార్త దాచని సుబైత్ ఖోర్ సిద్రా నుంచి వచ్చి, ఈసారి తనను అడగవద్దని గిన్నె కింద పెట్టి కోరాడు." వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. హాజీ ఎప్పుడూ రెండుసార్లు చదివించుకునేవాడు. ఆ రోజు చదవమనకుండానే ముద్ర వేశాడు. మధ్యాహ్నానికల్లా ఉత్తరం పడవెక్కింది.

నాలుగో రోజు మధ్యాహ్నం నమాజు వేళ తూర్పున ఫిరంగుల చప్పుడు వినబడింది. నేను లెక్కపెడుతూ నిలబడ్డాను, పద్నాలుగు దాకా వచ్చాక లెక్క తప్పింది. హాజీ మిద్దె దిగి లోపలికి వెళ్ళిపోయాడు.

నలభై రోజుల తర్వాత సుబైత్ మళ్ళీ వచ్చాడు. హాజీ ఊళ్ళో లేడు, ఆయన చోట నేను కూర్చున్నాను. చావడిలో ఇంకెవరూ లేరు. ఖర్జూరం పెట్టాను, కాఫీ నేనే పోశాను, తాగాడు. అడక్కుండా ఉంటే బాగుండుననిపించింది, కానీ ఆచారం కదా, అడిగాను.

"ఏం వార్తలు?"

అన్నీ చెప్పాడు. పాక, వలలు, పెట్టెలు, చెల్లెలు గడ్డం పట్టుకోవడం. తుపాకులు అప్పగించమని నౌక దొర మధ్యాహ్నం దాకా గడువిచ్చాడట. నా దగ్గర లేవని ఆ ఊరి షేకు ఒట్టేశాడు, పాపం, అతనికి నిజంగానే తెలీదు. గుళ్ళు పడుతుంటే సైఫ్ పెట్టెలు బయటికి లాగబోయాడు, గోడ మీద పడింది. వాడితో కలిపి మొత్తం ఏడుగురు పోయారు. ఏడు పేర్లూ చెప్పాడు, ఎవరి కొడుకో, ఎవరి భార్యో చెప్పాడు. పెట్టెల్లో తుపాకులు నలభై. వాన గురించి చెప్పే గొంతే అది, హెచ్చూ తగ్గూ లేదు.

"మోజా నాతో మాట్లాడటం లేదు," అన్నాడు ఆఖర్న. "నువ్వే చెప్పావంటుంది. చెప్పలేదే అన్నాను. నమ్మలేదు. నా మాట నమ్మని మొదటి మనిషి నా చెల్లెలే అయింది ముల్లా."

గిన్నె మళ్ళీ నింపబోతే చెయ్యి అడ్డుపెట్టాడు.

"నా వార్త అయింది. ఇక నీది చెప్పు."

అదీ ఆచారమే. వచ్చినవాడు చెప్పాక ఇంటివాణ్ణి అడగాలి, ఇంటివాడూ దాచకూడదు. అతను నా మొహంలోకే చూస్తున్నాడు. నేనే రాశానని ఒక్క ముక్క అంటే చాలు. అది పట్టుకుని ఖోర్ సిద్రా వెళ్ళేవాడు, మోజా నమ్మేది. నాకు తెలుసు. ఉద్యోగం గుర్తొచ్చింది, అతని నడుముకున్న బాకు కూడా కనబడింది.

"ఇక్కడ కొత్తేం లేదు," అన్నాను.

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

గిన్నె ఊపి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఉత్తరాలు మొయ్యలేదు. ఎడారి లోపలికి పోయి ఎవరి ఒంటెలో మేపుకుంటూ తొమ్మిదేళ్ళు బతికాడట. ఎవరైనా వార్త అడిగితే, "నన్నెందుకు, గాలినడుగు," అనేవాడట. చెల్లెలి గడప మళ్ళీ తొక్కలేదు, ఆమె రమ్మననూ లేదు. హాజీ కూడా పోయాడు. నాకిప్పుడు డెబ్భై దాటాయి.

మోజా మాత్రం ఇంకా ఉందని ఖోర్ సిద్రా నుంచి వచ్చిన జాలరి చెప్పాడు. చూపు పోయిందట. ఈ కాగితాలు అతనికే ఇచ్చి పంపుతున్నాను, అక్కడెవరైనా చదువొచ్చినవాళ్ళు ఆమెకు చదివి వినిపిస్తారు. అమ్మా మోజా, నీ అన్న నోరు విప్పలేదు. రాసింది నేను.