చల్లగా ఉంచమన్న బిడ్డ

తాటిపాక చుట్టుపక్కల ఏ ఇంట్లో పురుడొచ్చినా సూరమ్మకి కబురొచ్చేది. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిగుడ్డుని కాళ్ళ మీద వేసుకుని, ఆముదం రాసి వేన్నీళ్ళు పోసిందంటే, ఎంత గుక్కపట్టిన బిడ్డయినా సాంబ్రాణి పొగ వేసేసరికి నిద్రపోవాల్సిందే.

"ఆకలైతే ఏడుస్తారమ్మా. చలేస్తే ఏడవను కూడా ఏడవరు. అలాగే పోతారు" అని బాలింతలకి చెప్పేది. ఆవిడ కొడుకు రాజ్ కుమార్‌కి ముందు పుట్టిన ఇద్దరూ తుఫాను రోజుల్లో, కురుస్తున్న పాకలో ఆవిడ చేతుల్లోనే చల్లబడిపోయారు.

కోడలు జెస్సీకి అమలాపురం ఆసుపత్రిలో నొప్పులొచ్చి, ఎంతకీ కాన్పు కాలేదు. చివరికి మగబిడ్డ పుట్టాడు గాని ఏడవలేదు. ఊపిరి తెప్పించాక డాక్టరమ్మ బయటికొచ్చింది.

"మామ్మగారూ, గాలాడక బాబు మెదడు దెబ్బతిందండి. అది ముదరకుండా ఒళ్ళు చల్లబరిచి ఉంచే వైద్యం కాకినాడలో ఉంది. ఆరు గంటల్లోగా మొదలుపెట్టాలి. దారిలో ఏమీ కప్పకండి. వేడి తగిలితే ఇంకా చేటు."

"ఆయ్" అంది సూరమ్మ.

అంబులెన్సులో రాజ్ కుమార్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక సూరమ్మ, ఆక్సిజన్ చూసే మనిషి, వాళ్ళ మధ్య ఒంటి మీద గుడ్డ లేని బిడ్డ. ముమ్మిడివరం దాటాక సూరమ్మ బిడ్డ పాదాలు పట్టుకుని చూసింది. ఆ చల్లదనం ఆవిడకి తెలుసు.

"బాబూ, ఇలాగైతే పోతాడండీ."

"డాక్టరమ్మ చెప్పేరు కదండీ. ఉండనివ్వండి" అని ఆక్సిజన్ మనిషి కాకినాడకి ఫోను కలుపుకోసాగాడు.

మురమళ్ళ దగ్గర సూరమ్మ అటు తిరిగి రవిక విప్పింది. గొట్టం కదలకుండా బిడ్డని ఎత్తి గుండెకి ఆనించుకుని, పైన కొంగు, ఆ పైన దుప్పటి కప్పుకుంది. అతను చూసి కంగారుపడ్డాడు.

"అయ్యయ్యో, తియ్యండి మామ్మగారూ!"

"రంగొచ్చిందండీ, చూడండి" అని ఆవిడ నవ్వింది. రొమ్ముకి హత్తుకున్న బిడ్డని చెయ్యిపెట్టి లాక్కోలేక అతను తల తిప్పుకున్నాడు.

కాకినాడ డాక్టరు బిడ్డకి థర్మామీటరు పెట్టి ఉలిక్కిపడ్డాడు. "ఇలా కాలిపోతున్నాడేంటి? ఎవరు కప్పేరు?"

"నేనేనండీ" అంది సూరమ్మ, మెచ్చుకుంటాడనుకుని.

మూడు రోజులు బిడ్డని చల్లటి నీళ్ళు తిరిగే పరుపు మీద ఉంచి, తరవాత మెల్లగా వెచ్చబరిచారు. స్కానింగు చూసి డాక్టరు, "దెబ్బ ముందే పెద్దదండి. దారిలో తగిలిన వేడివల్ల ఎంత చెడిందో ఎవరూ చెప్పలేరు" అన్నాడు. రాజ్ కుమార్ చెవికి రెండో మాటే ఎక్కింది.

బిడ్డకి అభిషేక్ అని పేరు పెట్టారు. వాడికి రెండేళ్ళు నిండినా మెడ నిలవలేదు. సూరమ్మ వాణ్ణి ముట్టుకోకూడదని రాజ్ కుమార్ శాసనం. పురిటి కబురుతో ఎవరైనా వస్తే అరుగు మీంచే అనేవాడు: "తీసుకెళ్ళండి మా డాక్టరు గార్ని! కాకినాడ వాళ్ళకన్నా పెద్ద చదువండి ఈవిడది." రానురాను కబుర్లు ఆగిపోయాయి.

ఒక రోజు రాజ్ కుమార్ గ్యాస్ ప్లాంటు డ్యూటీకి వెళ్ళాక, అభిషేక్ కొయ్యలా బిగుసుకుని ఒకటే ఏడుపు. జెస్సీ వల్ల కాలేదు.

"అత్తయ్యగారూ, మీరు పొయ్యండి నీళ్ళు."

"వాడొస్తే చంపేస్తాడే."

"నేను చెప్తానుగా. కూర్చోండి."

సూరమ్మ కాళ్ళు చాపింది. ఆముదం చెయ్యి వీపు మీద తిరిగేకొద్దీ పిల్లాడి బిగువు సడలింది. ఏడుపు ఆగింది. అప్పుడే గేటు చప్పుడయింది.

జెస్సీ ఏదో చెప్పబోయింది. రాజ్ కుమార్ వినలేదు. తల్లి కాళ్ళ మీంచి పిల్లాణ్ణి లాక్కుని, కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, ఒళ్ళంతా సబ్బు రాసి నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాడు. సూరమ్మ చిన్నప్పుడు, తన తల్లి కూలికెళ్ళిన దొడ్లో, ఆ తల్లి ముట్టుకున్న చెంబుని రైతు ఇంటివాళ్ళు తోమి కడుక్కునేవారు. వాళ్ళు పరాయివాళ్ళు. తన చెయ్యి తగిలినచోట కన్నకొడుకు కడగడం సూరమ్మ ఇప్పుడు చూసింది.

ఒంటిచేత్తో పట్టుకోవడంతో పిల్లాడి తల వెనక్కి వేలాడుతోంది.

"మెడకింద చెయ్యి పెట్టు నాయనా. చెవుల్లోకి పోతున్నాయి నీళ్ళు."

"నువ్వు చెప్పకు" అన్నాడు రాజ్ కుమార్, చెంబు ముంచుతూ.