ఇంటర్‌కమ్‌లో వినిపించిన మాట

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ విసుగు. ఒంగోలులో క్రైస్తవ కుటుంబంలో పెరిగాను. గుంటూరులో నర్సింగ్ చదివే రోజుల్లో శవాల గదికి ఒక్కదాన్నే వెళ్లి వచ్చేదాన్ని. ఇది పిరికిదాని మాట కాదని ముందే చెబుతున్నాను.

1980ల మధ్యలో నేనూ మా ఆయనా టెక్సస్‌లో ఉండేవాళ్లం. పౌరసత్వం వచ్చాక నేను అమెరికా వైమానిక దళంలో ఫ్లైట్ నర్స్‌గా, అంటే విమానంలో రోగులను తరలించే నర్సుగా, లెఫ్టినెంట్ హోదాలో చేరాను. పని మీద నాకు మంచి పట్టు ఉండేది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను.

ఆ రోజు మాకు అప్పగించిన రోగి విదేశీ డ్యూటీ నుంచి ప్రాణాంతకమైన అంటు జ్వరంతో వచ్చిన కుర్ర సైనికుడు. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది, స్పృహ లేదు. అతన్ని మంచంతో సహా పారదర్శకమైన ప్లాస్టిక్ గుడారంలో ఉంచి, ఆ గుడారాన్ని విమానంలోకి ఎక్కించాం. గుడారం గోడలకే చేతి తొడుగులు అతికించి ఉంటాయి. వాటిలోకి చేతులు దూర్చి రోగికి సేవ చేయాలి. లోపలి గాలిని ఒక పంపు గొట్టం గుండా లాగి, ఫిల్టర్ చేసి వదులుతుంది. ఆ గొట్టం ఊడితే జబ్బు మా మధ్యకు వచ్చేస్తుంది. మాకు మాస్కులున్నాయి. ముందు కూర్చున్న పైలట్లకు లేవు.

మధ్యాహ్నం రెండు దాటింది. కిటికీల్లోంచి ఎండ పడుతోంది. ఇంజిన్ల హోరులో పక్కవాళ్ల మాట కూడా వినబడదు కాబట్టి అందరం హెడ్‌సెట్లు పెట్టుకుని ఇంటర్‌కమ్‌లోనే మాట్లాడుకుంటున్నాం. నేను తొడుగుల్లో చేతులు పెట్టి రోగి సెలైన్ సరిచేస్తున్నాను.

“కాళ్ల దగ్గర సూడమ్మా.”

చెవిలో స్పష్టంగా వినబడింది. పెద్దావిడ గొంతు. కంగారు లేదు. మళ్లీ అదే మాట.

మా అమ్మ గొంతు అనో అమ్మమ్మ గొంతు అనో చెబితే కథ రక్తి కడుతుంది. కానీ అది అబద్ధం అవుతుంది. ఆ గొంతు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

రోగి కాళ్ల వైపు వంగి చూశాను. గొట్టం బిగింపు వదులై, మూడొంతులు బయటికి జారి ఉంది. తొడుగుల్లోంచి చేతులు లాగి, గొట్టాన్ని రెండు చేతులతో లోపలికి నొక్కి పట్టుకుని, మాతో వచ్చిన డాక్టర్‌ని హెడ్‌సెట్‌లో కేకేశాను. ఆయన పరుగున వచ్చి బిగింపు తిప్పి, చుట్టూ టేపు వేశారు. గొట్టం వదులైతే మోగాల్సిన పంపు అలారం అసలు మోగనేలేదు.

అప్పుడు మెడికల్ టెక్నీషియన్ టామ్ హెడ్‌సెట్‌లో అడిగాడు. “లెఫ్టినెంట్, ఇందాక మాట్లాడింది మీరేనా? ‘సూడమ్మా’ అంటే ఏంటి?”

నేను కాదని తల అడ్డంగా ఊపాను.

టామ్‌ది ఒహాయో. తెలుగు ముక్క తెలియదు. నా దగ్గర విని నేర్చుకున్నాడనుకుంటే, నేను ‘చూడు’ అంటానే తప్ప ‘సూడు’ అనను. విమానంలో ఉన్న ఏడుగురిలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, ఆడదాన్నీ నేనొక్కదాన్నే. దిగాక పైలట్లనీ డాక్టర్‌నీ అడిగాను. వాళ్లకేమీ వినబడలేదట.

మాలో ఎవరికీ జబ్బు రాలేదు. ఆ సైనికుడు ఆరు వారాల తర్వాత తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లాడు. టెక్సస్‌లో మేముండే ప్లేనోలో మా తెలుగు చర్చి పాస్టర్‌గారు అది దేవదూతే అన్నారు. మా ఆయన ఇంజనీరు. రేడియోలో ఏదో కలిసి ఉంటుందన్నారు. ఆకాశంలో ఆ క్షణానికి ఆ తెలుగు మాట ఎక్కడి నుంచి కలిసిందని అడిగితే, ఆయన మళ్లీ రేడియో అనే అన్నారు.

దిగిన సాయంత్రం రిపోర్ట్ రాయాల్సి వచ్చింది. ‘లోపం ఎలా బయటపడింది?’ అని అందులో ఒక ప్రశ్న.

“ఏం రాయను సర్?” అని డాక్టర్‌ని అడిగాను.

“తనిఖీలో కనబడిందని రాసెయ్,” అన్నారాయన.

రాశాను. నా సర్వీసు మొత్తంలో నేను సంతకం పెట్టిన అబద్ధం అదొక్కటే. నిజం రాయాలంటే ఆ మాట ఎవరన్నారో తెలియాలి కదా. అది నాకు ఈరోజుకీ తెలియదు.