అక్క ఇచ్చేసిన పుస్తకాలు

కెనడాలోని విండ్సర్‌లో మేము అయిదుగురం అమ్మాయిలం ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. మాది వరంగల్. నా గదిలో ఉండే ఆమెది కడప జిల్లా. నాకంటే మూడేళ్లు పెద్దది, నేను చదివే కాలేజీలోనే నాకంటే ముందు చేరింది. అక్కా అని పిలిచేదాన్ని. ఆ రోజుల్లో బస్‌స్టాపులో, సరుకుల కొట్టులో, ఎక్కడ చూసినా మనవాళ్లే. అంతమందిలోనూ, ఏ బస్సెక్కాలో, ఎలాంటి కోటు కొనుక్కోవాలో దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది ఆమె ఒక్కతే.

ఫిబ్రవరిలో స్టాటిస్టిక్స్ పుస్తకం కోసం పబ్లిక్ లైబ్రరీకి వెళ్లాను. అక్కడ కింది అంతస్తులో పాత పుస్తకాల దుకాణం ఒకటుంది. జనం ఇచ్చేసిన పుస్తకాలను సర్ది, లైబ్రరీ ఖర్చుల కోసం అమ్ముతారు. నడిపేవాళ్లంతా రిటైరైనవాళ్లు, జీతం లేకుండా వచ్చి పనిచేస్తారు. మంచుకు తడిసిన కోట్ల వాసన, పాత కాగితం వాసన కలిసిపోయి ఉండేవి. వంటల పుస్తకాలు, తోటపని పుస్తకాలు దాటుకుని వెళితే, చివరి బల్ల మీద కాలేజీ పుస్తకాలు.

నాకు కావలసినది దొరికింది. తెరిస్తే, అంచుల్లో పెన్సిలుతో తెలుగు రాతలు. ‘పరీక్షలో వస్తుంది.’ ‘మళ్లీ చదవాలి.’ ఒకచోట ‘అర్థం కాలేదు’, దాని కిందే ఇంకోసారి ‘అర్థం కాలేదు’. మా ఫ్రిజ్ మీద ఎవరు ఏ రోజు వండాలో రాసి అంటించిన కాగితం మీద రోజూ చూసే చేతిరాత అది. పక్కనున్న మూడు పుస్తకాలు కూడా అక్కవే. ఆమె చివరి సెమిస్టర్ చదువుతోందని మేమంతా అనుకుంటున్నాం. ఆ పొద్దున కూడా బ్యాగు తగిలించుకుని క్లాసుకని వెళ్లింది.

కౌంటర్ దగ్గర డెబ్బై ఏళ్లావిడ కూర్చుని ఉంది. ఇవి ఎవరిచ్చారని అడిగాను. ఆవిడ సంతోషంగా చెప్పింది: మీ దేశపు అమ్మాయే ఇచ్చింది, సెప్టెంబరు నుంచి వారానికి మూడు మధ్యాహ్నాలు మాతో కలిసి పుస్తకాలు సర్దుతోంది, అంత శ్రద్ధగా పనిచేసేవాళ్లు మాకు దొరకరు అని. ఆమె నా రూమ్మేట్, ఆ వేళప్పుడు కాలేజీలో ఉండాలి కదా అనేశాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. నాలుగు పుస్తకాలూ సంచిలో పెట్టి ఇచ్చింది.

పొరపాటున ఇచ్చేసిందేమో, తిరిగి ఇద్దామని కొన్నానని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి, నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలియాలనే కొన్నాను. వాటిని ఆమె మంచం మీద పెట్టాను.

సాయంత్రం అక్క వచ్చింది. కోటు కూడా విప్పకుండా వాటివైపు చూస్తూ నిలబడింది.

“యాడ దొరికినాయి?”

“లైబ్రరీల. నీవే కదా అక్కా.”

“నావే. చదువు అయిపాయ, అందుకే ఇచ్చేసినా.”

మంచం చివర కూర్చుని మెల్లగా చెప్పింది. రెండు సబ్జెక్టులు రెండేసిసార్లు తప్పిందట. ఆగస్టులో కాలేజీవాళ్లు పేరు తీసేశారట. ఇంట్లో చెప్పలేదు. పగళ్లు గడవక లైబ్రరీలో కూర్చునేదట. ఒకరోజు ఆ పెద్దవాళ్లు అట్టపెట్టెలు మోయలేక అవస్థ పడుతుంటే సాయం పట్టిందట. మర్నాడు వాళ్లే రమ్మన్నారట.

“ఆడుండే పెద్దామెకు ఏమన్నా చెప్పినావా?”

అబద్ధం చెప్పగలిగేదాన్నే, చెప్పలేదు. “కాలేజీల ఉండాలె కదా అన్న. అంతే.”

ఆమె ఆ పుస్తకాలను ఒకదాని మీద ఒకటి పేర్చింది.

“ఆడ నన్నెవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు,” అంది చివరికి. “ఇంక ఆడికి గూడా పోలేను.”

వాళ్లు అవన్నీ పట్టించుకోరు, నువ్వంటే వాళ్లకెంతో ఇష్టం అని ఏదేదో చెప్పబోయాను. అన్నం పెట్టుకోమని నాకే చెప్పి, గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులు అలాగే ఉంది. అయిదో రోజు, మాంట్రియల్‌లో తెలిసినవాళ్లు ఉన్నారంటూ సామాను సర్దుకుంది. బస్ స్టేషన్ దాకా ఒక సూట్‌కేసు నేను లాగాను. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, “రెండో చాప్టర్ బాగా చూసుకో, దాంట్లోంచే అడుగుతారు,” అంది. కోప్పడి ఉంటే బాగుండేది.

కొన్నాళ్లు నేను చేస్తే ఫోన్ మోగేది, ఎత్తేది కాదు. తరవాత ఆ నంబరే పనిచేయలేదు. ఆ పెన్సిలు రాతలు చూసుకుంటూనే పరీక్ష రాసి పాసయ్యాను. దుకాణానికి ఒక్కసారి వెళ్లాను. ఆవిడ ఆ అమ్మాయి మళ్లీ వస్తుందా అని అడిగింది. ఊరు మారిందన్నాను. నేనేమైనా తప్పుగా మాట్లాడానా అంది ఆవిడ. కాదు, నేనే, అని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంట్లో మిగతా అమ్మాయిలు అడిగితే, మాంట్రియల్‌లో మంచి కంపెనీలో జాబ్ వచ్చిందని చెప్పాను. ఎంత లక్కీ, అంది ఒకమ్మాయి కూర కలుపుతూ. అవునన్నాను.