ఎడమ చేతికి ఏడు రోజులు

నిన్న ఉదయం తొమ్మిదీ పదికి ల్యాబులో సింకు దగ్గర చేతులు కడుక్కున్నాను. ఎవరో బట్టల సబ్బు పెట్టారు. తుడుచుకునేలోగా వేళ్ల సందుల్లో చర్మం బిగుసుకుంది. సుజాత మేడం గుర్తొచ్చారు. ఆమె చనిపోయి ఆరు నెలలైంది.

కరీంనగర్‌లో మాది చేతులు కడుక్కునే ద్రవాలు తయారుచేసే చిన్న కంపెనీ. మురికిని వదిలించే రసాయనాల్లో చర్మాన్ని నొప్పించనివి వెతకడం మేడం పని. ఆమె కింద నేను కెమిస్టుని. కొత్త మిశ్రమం తయారైతే ఆమె ఏడు రోజులు ఎడమ చేతిని దాంతో, కుడి చేతిని ఉత్త నీళ్లతో కడిగేవారు. రెండు చేతులూ ఒక్క తీరుగా ఉంటేనే సీసా లచ్చవ్వ ఇంటికి వెళ్లేది. లచ్చవ్వ మా వెనక వీధిలో బీడీలు చేస్తుంది. పొగాకు మరక ఒకపట్టాన వదలదు. గట్టి సబ్బు వాడితే వేలు పగులుతుంది, వేలు పగిలితే ఆ రోజు పని లేదు.

"నురగే లేదు సారూ, గిది సబ్బెట్లయితది?" అనేది లచ్చవ్వ ప్రతిసారీ. ఒకసారి మేడం చెల్లెలి పెళ్లికని ఖానాపూర్ వెళ్లారు. నేను నురగ బాగా వచ్చే ఘాటు రసాయనం మోతాదు పెంచి, ఎవరి చేతి మీదా చూడకుండానే లచ్చవ్వకు ఇచ్చాను. ఆమె సంబరపడింది. మేడం తిరిగొచ్చేసరికి లచ్చవ్వ బొటనవేలు చీలి ఉంది.

మేడం నన్ను తిట్టలేదు. "మలాం నేను తెస్త. నువ్వు కత్తెర తీస్కరా," అన్నారు. వేలు మానేదాకా రోజూ సాయంత్రం ఇద్దరం లచ్చవ్వ వాకిట్లో కూర్చుని తునికాకు కత్తిరించాం. ఆమె కూతురు బీడీలు చుట్టేది.

నేను కత్తిరించిన ఆకులు లచ్చవ్వ తిరగేసి చూసింది. "ఎలుక కొరికినట్టున్నయి సారూ. గీ బీడీలు కార్ఖానల తీసుకోరు."

"జర ఓపిక పట్టు లచ్చవ్వా, గిప్పుడే నేర్సుకుంటుండు," అన్నారు మేడం తలెత్తకుండా.

తర్వాతి మిశ్రమం నేనే తీసుకెళ్లాను. లచ్చవ్వ సీసా ముట్టుకోలేదు.

"మేడం కడిగిందా?"

"ఈసారి నేను కడిగిన అవ్వా. ఏడు రోజులు."

ఆమె నా ఎడమ చెయ్యి వెలుతురులోకి లాగి, వేళ్ల సందులు ఒక్కొక్కటే విప్పి చూసింది. "ఇయ్యి," అంది.

ఇప్పుడు మిశ్రమాలు పరీక్షకు హైదరాబాద్ వెళ్తాయి. ఫలితాల కాగితం వస్తుంది. అందులో తప్పు ఉండదనే అనుకుంటాను. సంతకం పెట్టేముందు ఎడమ చెయ్యి మాత్రం ఒకసారి చూసుకుంటాను. ఎవరూ చేతి మీద చూడని సీసా లచ్చవ్వ ఇంటికి పంపడం లేదు.