ఇరవై మాటలకు ఎన్ని తప్పులు

మా అమ్మాయి నర్సు. జర్మనీలో ఉద్యోగం కావాలంటే ముందు ఆ భాషలో పరీక్ష నెగ్గాలని కాడుగోడిలో మా ఇంటికి దగ్గరగా ఉన్న క్లాసులో చేరింది. చదవడం, రాయడం త్వరగానే వచ్చాయి. ఒక్క అచ్చు మాత్రం నోటికి చిక్కలేదు. పెదవులు ‘ఊ’ అనబోతున్నట్టు గుండ్రంగా పెట్టి, లోపల నాలుకతో ‘ఈ’ అనాలట. తనకు వట్టి ‘ఊ’ వచ్చేది, లేకపోతే వట్టి ‘ఈ’.

నాకు ఆ భాష రాదు. నా చదువు ఎనిమిదితో ఆగింది. ఇల్లు కట్టడానికి సిమెంటు, ఇసుక, ఇనుము ఎంత పడుతుందో లెక్క కట్టడం సొంతంగా నేర్చుకుని, దానిమీదే బతుకుతున్నాను. అయినా టీచరు పంపిన ఆడియో పదేపదే విన్నాక తేడా నా చెవికి పట్టింది. రోజూ సాయంత్రం తను ఆ అచ్చున్న ఇరవై మాటలు చదివేది. తప్పు పలికినప్పుడల్లా నేను కాగితం మీద ఒక గీత గీసేవాణ్ణి. నాలుగు నిలువు, ఐదోది అడ్డం. లారీ నుంచి ఇనుప కమ్మీల కట్టలు దింపేటప్పుడు మేము గీసేది అట్లాగే.

"పదకొండు తప్పులు" అనేవాణ్ణి. "నిన్న పదమూడు. బాగైతా ఉండాది పాపా."

"అది బిడ్డ, కమ్మీల లోడు గాదు" అనేది వంటింట్లోంచి నా భార్య.

మొదటి నెలలో అమ్మాయి కూడా నవ్వేది.

తప్పులు ఏడుకు, నాలుగుకు, రెండుకు దిగాయి. ఒకరోజు ఒక్క గీతా పడలేదు. ఆ తెల్ల కాగితం పని దగ్గర మేస్త్రీకి కూడా చూపించాను. తన గొంతు సన్నబడిందని, ఒక్కో మాటకు ముందు నా పెన్సిల్ వైపు చూస్తోందని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

పరీక్షలో మూడు భాగాలు నెగ్గింది. మాట్లాడే భాగం పోయింది.

"ఇరవైకి ఇరవై చెప్పినావు గదా, ఏమాయె?" అన్నాను.

"ఆ అచ్చుండే మాట వస్తాదని తెలిస్తే చాలు, ఇంకో మాట వెతుక్కుంటి నాయనా. దొరక్కపోతే ఊరకుంటి. ఎదురుగా పరీక్ష పెట్టే ఆయమ్మ పెన్ను పట్టుకోని ఉండె. రాసేకొద్దీ నువ్వే కనపడితివి."

కోపంగా అనలేదు. అన్నం పెట్టమన్నంత మామూలుగా అంది.

ఆ ఒక్క భాగానికి మళ్ళీ కూర్చోవచ్చు. ఈసారి కాగితం లేకుండా వింటానన్నాను.

"వద్దులే నాయనా."

ఇప్పుడు స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని చదువుతోంది. ట్యాంకరు నీళ్ళు చెంబు లెక్కన వాడే ఇల్లు మాది. అయినా ఆ కొళాయి సంగతి నేను ఎత్తను.

మొన్న తువ్వాలు కోసం ఆ తలుపు దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ చప్పుడు మధ్య ఆ అచ్చు వినిపించింది, సరిగ్గానే. తర్వాతిది సరిగ్గా లేదు. ఆ తర్వాతిదీ లేదు. "రెండు" అన్నాను. పైకే అన్నానని తన గొంతు ఆగిపోయాక తెలిసింది. నీళ్ళు మాత్రం పడుతూనే ఉన్నాయి.

నేను వెళ్ళిపోయానని తెలిస్తేనే మళ్ళీ మొదలుపెడుతుందని, చెప్పులు గట్టిగా ఈడ్చుకుంటూ వీధిలోకి వెళ్ళాను.