చిక్కుడాకు కోసం కొండవారకు

నిరుడు మాఘ ఆదివారం నాడు సూర్యుడికి పాలు పొంగిస్తానని మా చెల్లి లలిత మొక్కుకుంది. ఆనందపురం దాటాక కొండవారన మాకు తెలిసినావిడ తోట ఉంది. అక్కడ పరమాన్నం వడ్డించడానికి చిక్కుడాకులనుకుని దురదగొండి తీగ లాగింది. చేతులు, మెడ మంటలెత్తాయి. పాలు పొయ్యి ఎక్కకుండానే తిరిగొచ్చాం. మొక్కు మిగిలిపోయిందన్న దిగులు ఏడాదంతా దాని ముఖంలో చూశాను. తోట ఆవిడను ఫోన్లో అడిగి అడిగి ఆ తీగ సంగతులు తెలుసుకుని, ఈ మాఘంలో నేనే బయల్దేరదీశాను. ఆకులు బజారులో కొనుక్కెళ్దామంది. వద్దన్నాను. భయం అక్కడే పోవాలి.

ఆరింటికి కూర్మన్నపాలెంలో బస్సెక్కి, మద్దిలపాలెంలో మారి, ఎనిమిదికల్లా ఆనందపురం చేరాం. అక్కణ్ణించి ఆటో, రానూపోనూ ఆరువందలు. తోట దగ్గర దిగగానే డ్రైవరు అప్పలరాజు నేలమీద పాకిన తీగ చూపించాడు. "సిక్కుడాకులు ఇక్కడే ఉన్నాయి కదమ్మా, మళ్ళీ ఎతకడం ఏటి?" మూడేసి ఆకులు, అచ్చం చిక్కుడే. లలిత నా వెనక్కి నక్కింది.

కర్రతో ఆకు తిరగేశాను. అడుగున వెండి నూగు, దురదగొండే. తీగ వెంటే నడిచాం. కంచె మీద అదే తీగకు ఊదారంగు పూలగుత్తులు కిందికి వేలాడుతున్నాయి. ఇంకాస్త ముందు, చింతచెట్టు మీదికి పాకిన ఆ తీగే ఆకులన్నీ రాలి ఎండుతాడులా ఉంది. దాన్నిండా గోధుమరంగు నూగుతో వంకర కాయలు. దూరంగానే ఆగాం. నిరుడు లలితను బాధపెట్టింది ఆకు కాదు, ఇలాంటి కాయల నుంచి రాలిన నూగు.

"అమ్మో, అదీ ఇదీ ఒకటేనా? నాను ఇటొచ్చినప్పుడల్లా దీని కిందే ఆటో ఆపి కునుకు తీత్తన్నాను!" అన్నాడు అప్పలరాజు.

"అందుకేనా బాబూ, దారంతా గోక్కుంటూ నడిపావు?" అంది లలిత. ఆ తోటలో అది నవ్వడం అదే మొదలు.

బావి దగ్గర తోట ఆవిడ వేసిన తీగ పందిరి ఉంది. లలిత నాకంటే ముందు వెళ్ళి నిలబడింది. ఆకు అడుగు చూసింది. పూగుత్తి నిటారుగా ఉందని చూసుకుంది. పైన చెట్టేదీ లేదు కదా అని తలెత్తింది.

"అక్కా, ఇది చిక్కుడే."

"నాకెందుకు చెప్పడం? కొయ్యి."

ఏడాకులు కోసింది. పదిన్నరకు పిడకల పొయ్యి మీద పాలు తూర్పుకు పొంగాయి.

దాని భయం తీసెయ్యమని ఏడాదిపాటు ఆ స్వామిని అడిగాను. ఆయన దాన్ని తీగ చివరిదాకా నడిపించాడు. మీరూ అటు వెళ్తే సంచిలో వెడల్పాటి టేపు పెట్టుకోండి. నూగు పడితే గోకకండి, టేపు అద్ది లాగి, ఆ తర్వాతే కడుక్కోండి. మా టేపు చుట్ట మాత్రం విప్పకుండానే ఇంటికొచ్చింది.