కోటమ్మకి కప్పిన శాలువా

అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఏ తెలుగింట పేరంటం ఉన్నా, పిలిచినా పిలవకపోయినా కోటమ్మ వెళ్ళేది. బొమ్మల కొలువు కానీ, లలితా పారాయణం కానీ, రెండు అరటిపళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. పండగపూట బొట్టు పెట్టుకుని వచ్చిన ఆడమనిషిని పొమ్మనే ఇల్లాలు ఉండదు కదా. ఈవిడకి తాంబూలాల పిచ్చి అని వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీలే అని ఆమె ఊరుకునేది.

ఆమె వెళ్ళేది తాంబూలానికి కాదు. వచ్చినవాళ్ళందరి కాళ్ళకీ పసుపు రాసి, వంటింట్లో గిన్నెలు తోముతున్న మనిషికి మాత్రం రాయని ఇల్లు ఏదా అని చూడటానికి. అలాంటి ఇంట్లో ఆ మనిషి పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంటుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. పసిబిడ్డను చూసుకోవాలంటూ ఒంగోలు దగ్గర నుంచి కోటమ్మనీ ఒక తెలుగింటివాళ్ళు అలాగే తెచ్చారు. జీతం లేదు, గడప దాటనిచ్చింది లేదు, పడక బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ పక్కన. ఒక చలికాలం వాళ్ళు గుడికి వెళ్ళిన పూట, హవాయి చెప్పులతో మంచులో పడి నడిచింది. ప్రాణం దక్కింది గానీ ఎడమకాలికి రెండు వేళ్ళు తీసేశారు. అందుకే పేరంటాల్లో సాక్సులు విప్పేది కాదు. చలి పడదమ్మా, పైపైన రాసెయ్ అనేది. అలా తిరిగి తిరిగి కొందరు ఆడవాళ్ళని బయటికి తెచ్చింది.

ఆ ఏడు నవరాత్రుల్లో, శనివారం, నమ్రత ఇంట్లో వరాలు కనిపించింది. పాలకొల్లు వైపు పిల్ల. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొనతో కాల్చిన ఆనవాలు ఉంది. చెయ్యి కడుక్కునే నెపంతో కోటమ్మ వంటింట్లోకి వెళ్ళింది.

"నాతో వస్తావా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"పోలీసులొత్తే ఆవిడ పక్కనే నిలబడతారండి. ఆవిడ ముందు నాకు నోరు పెగలదండి."

"పోలీసులు వద్దులే. శుక్రవారం ఇక్కడ పారాయణానికి ఇల్లంతా ఆడోళ్ళే ఉంటారు. చెప్పులు సర్దుతున్నట్టు వచ్చి నా వెనకాల నడువు. కార్లో లాయరమ్మ ఉంటది, ఆమెకి చెప్పుకుందువు." సంచిలోంచి కొత్త బూట్లు తీసి ఇచ్చింది. "యాడన్నా దాచిపెట్టు. నాలాగా చెప్పుల్తో నడవబాక."

వరాలు వాటిని చున్నీలో చుట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగిపోయింది.

కోటమ్మకి కారు నడపడం రాదు. ఆమెను తిప్పేది జాహ్నవి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే పిల్ల, మంచిది. ఈ కథలో కొంప ముంచింది ఆ మంచితనమే, అదే నా మంట. మర్నాడు ఆదివారం, ఊళ్ళో తెలుగు సంఘం దసరా సంబరాలు. కోటమ్మని సన్మానించాలని జాహ్నవి ఏడాదిగా సెక్రటరీ అమర్‌నాథ్ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతోంది. కోటమ్మ అప్పుడే చెప్పింది, తన మొహం పదిమందికీ తెలియకూడదని. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. మనవాళ్ళకి పెద్దవాళ్ళు వద్దన్న ప్రతి మాటా వినయమే కదా.

"ఆంటీ, వడ్డనకి వాలంటీర్స్ తగ్గారు, కొంచెం హెల్ప్ చేస్తారా?" అని జాహ్నవి తీసుకెళ్ళింది. పులిహోర గరిటె చేతిలో ఉండగానే మైకులో పేరు పిలిచారు. ఇద్దరు కుర్రాళ్ళు చెరో రెక్కా పట్టుకుని స్టేజీ ఎక్కించారు.

"బానిసగా వచ్చి, తప్పించుకుని, ఎందరికో ఫ్రీడమ్ ఇప్పించిన వీరనారి మన కోటమ్మగారు," అన్నాడు అమర్‌నాథ్. "మంచులో నడిచి రెండు కాలివేళ్ళు పోగొట్టుకున్నారు. ఇవాళ్టికీ పేరంటాలకి వెళ్ళి మరీ విక్టిమ్స్‌ని వెతికి పట్టుకుంటారు."

పట్టుశాలువా కప్పారు. హాలంతా ఫోన్లు లేచాయి. వద్దు, తియ్యొద్దు అని కోటమ్మ రెండు చేతులూ జోడించింది. నమస్కారం పెడుతోందనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. భోజనాల వరస కదిలేలోపే వీడియో ఊళ్ళో ప్రతి గ్రూపులోనూ తిరిగింది.

ఆమె శాలువా లాగి కుర్చీలో పడేసి, జాహ్నవి చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి ఈడ్చుకుపోయింది. దారిలోనే లాయరుకి ఫోన్ చేయించింది. నమ్రత ఇంటి ముందు ఆగేసరికి గరాజ్ తలుపు తీసి ఉంది, ఆవిడ భర్త కారు లేదు.

నమ్రత నవ్వుతూ ఎదురొచ్చింది. "రండి ఆంటీ. వీడియో చూశాం, సో ప్రౌడ్ ఆఫ్ యు."

"వరాలు ఏదమ్మాయ్?"

"మా చుట్టాలమ్మాయేగా, వేరే చుట్టాలింటికి వెళ్ళింది."

"ఏ ఊరు?"

"అమెరికా చాలా పెద్దది కదా ఆంటీ." పీట వేసి, పసుపు గిన్నె తెచ్చుకుని కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఇవాళైనా సాక్సులు విప్పండి. అందరికీ తెలిసిపోయిందిగా."

తానే విప్పింది. వేళ్ళు తెగిన చోట తాపీగా, ఒత్తి ఒత్తి పసుపు రాసింది. కోటమ్మ కాలు లాక్కోలేదు. కింద బేస్‌మెంట్‌లోంచి ఏదైనా చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి అటే వేసి కూర్చుంది. ఏమీ వినిపించలేదు. నమ్రత తాంబూలం సంచి చేతికిచ్చి, గుమ్మందాకా సాగనంపింది. లాయరు పిలిచిన పోలీసులు వచ్చి ఇల్లంతా చూశారు. వాటర్ హీటర్ పక్కన చాప కూడా లేదు.

కార్లో కూర్చున్నాక సంచి బరువుగా ఉందని కోటమ్మ విప్పి చూసింది. జాకెట్ గుడ్డ కింద, కొబ్బరికాయ కింద, తను వరాలుకిచ్చిన బూట్లు ఉన్నాయి.

జాహ్నవి స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చింది. "మంచి చేస్తున్నాననుకున్నాను ఆంటీ."

"మంచే చేశావులే," అంది కోటమ్మ. ఆమెకి ఆ పిల్లని కొట్టాలనిపించింది. "ఇప్పుడా బిడ్డ ఏ ఊళ్ళో వట్టికాళ్ళతో ఉందో, అది చెప్పు నాకు."

ఆ తర్వాత నోవైలో ఏ పేరంటానికీ ఆమెకి తలుపు తెరవలేదు. తప్పు చేసేవాళ్ళు సరే, చేయనివాళ్ళూ తెరవలేదు. ఈవిడ వచ్చిందంటే మన ఇంట్లో ఏదో ఉందనుకోరూ అన్నారు, ఆ హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళే. శాలువాని అమర్‌నాథ్ మడతపెట్టి ఇంటికే పంపించాడు. బూట్లు ఆమె గుమ్మం పక్కన ఇంకా కొత్తగానే ఉన్నాయి. వరాలు దొరకలేదు.